రెబెక్కమ్మ పీకిన మీసాల వరి

రెబెక్కమ్మ పీకేసిన వరి దుబ్బులకు కాళ్ళు మొలిచి, గట్టు మీద నడుచుకుంటూ వెనక్కి వచ్చి తమ వరసలో తామే నిలబడ్డాయి. సరే, కాళ్ళు మొలవలేదు; ఆమె ఒళ్ళో కూర్చుని వచ్చాయి. వెనక్కి రావడం మాత్రం నిజం.

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. కోవూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే చవుడు నేలలో ఒక వరి పరిశోధన ఫారం ఉండేది. అక్కడ కేళీలు ఏరడంలో రెబెక్కమ్మను మించిన చెయ్యి లేదు. మడిలో తక్కినవాటికి భిన్నంగా కనబడిన మొక్కే కేళీ. చూపు పడితే చాలు, చెయ్యి దానంతటదే పీకేది. వెన్ను తీసే రోజుల్లో ఒక పొద్దున, ఒక వరస నిండా గింజల కొసన మీసాల్లాంటి నూగున్న వెన్నులు కనబడ్డాయి. అన్నీ పీకి ఒడిలో కట్టుకుని గట్టెక్కింది.

గట్టు మీద, ఫారంలో పరిశోధన చేసే విజయభాస్కర్ సారు మేస్త్రి హజరత్తయ్యకు చెబుతున్నాడు.

"ఈ మడిలో రెండు రకాలూ కవలలు. ఒక్క మీసాలే తేడా వచ్చేటట్టు ఏళ్ళ తరబడి సంకరం చేసి తీసినారు. ఉప్పు నేలలో గింజ నిండేదానికి మీసం పనికొస్తుందా లేదా తేల్చాలి. మీసాల విత్తనం ఇంకెక్కడా లేదు."

రెబెక్కమ్మ ఒడిని చెంగుతో కప్పేసింది. భర్త దావీదు మంచం పట్టాక ఇంటికి ఈ కూలే ఆధారం. అందరూ సద్ది తినడానికి పోయాక వాటిని అవే గుంటల్లో మళ్ళీ నాటింది. సాయంత్రానికే అవి తల వాల్చాయి.

ఆ తర్వాత వాటిని చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. ప్రార్థన కూడా మానుకుంది. దేవుడికి చెబితే పాస్టరు చెవిన పడుతుందేమోనని అనుమానం.

"ఏంది మే, నీ నీడను చూసి నువ్వే ఉలిక్కిపడతా ఉండావు?" అన్నాడు హజరత్తయ్య.

"ఎండదెబ్బ అన్నా."

కొన్నాళ్ళకు సారు ఒక వెన్ను నలిపి చూశాడు. "అంతా తాలు. మీసాల రకం ఉప్పుకు ఆగలేదు. కోసి పశువులకు వెయ్యి హజరత్తయ్యా, ఇంక ఈ రకం వద్దు."

హజరత్తయ్య కొడవలి తీశాడు. రెబెక్కమ్మ మడికి అడ్డం వచ్చింది.

"ఉప్పు కాదు సారూ. నేనే కేళీలనుకుని పీకినాను. మళ్ళా నాటినాను."

సారు చేతిలోని తాలు వెన్ను కింద పడేశాడు. ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది.

"పీకనిది ఒక్కటైనా ఉందా?"

"గట్టు వార ఒకటి... నాకప్పుడు కనబళ్ళా."

సారు బురదలో దిగిపోయి, విత్తనానికి గుర్తుగా ఆ దుబ్బుకు దారం కట్టాడు. "రేపు పనికి రా," అన్నాడు తల ఎత్తకుండానే. "ఈ మడి పక్కకొస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని రా."

ఇదంతా రాసి, ఇన్నేళ్ళ తర్వాత నేను చదివి వినిపిస్తే రెబెక్కమ్మ బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది.

"మా ఫారంలో మీసాల వరి ఎయ్యనే లేదు. నేను పీకలా, నాటలా, ఎవురికీ చెప్పలా. పొద్దు పోకుంటే వేరే ఎవురి మీదన్నా రాసుకో నాయనా."