కరకట్ట మీద దడి

గంగాదేవిది కృష్ణానది మధ్యలో ఓ చిన్న లంక. మొగుడు బంగార్రాజు ఏట్లో వల వేస్తే, ఆమె ఆ చేపలు చల్లపల్లి తీసుకెళ్లి అమ్మేది. తొంభై ఎనిమిదిలో ఏరు పొంగినప్పుడు అందరూ పడవలెక్కి కరకట్టకు పోయారు. ఆమె మాత్రం కదల్లేదు.

"ఇల్లొదిలి రాను. నువ్వు గేదెల్ని తోలుకుపో" అంది మొగుడితో.

ఈడొచ్చిన కూతురు నాగమల్లేశ్వరిని పట్టుకుని పాక కప్పెక్కి కూచుంది. కాసేపటికి దూలం విరిగి, పిల్ల వరదలో పడిపోయింది. దూరాన తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికి బయటపడిందిగానీ కాలు విరిగింది. "సామాన్ల మీద ఆశతో పిల్లని చంపుకునేది" అని ఊరంతా ఆడిపోసుకున్నారు. గంగాదేవి నోరు విప్పలేదు.

కొన్నేళ్లకి వరదలకు ముందే ఊళ్లను సిద్ధం చేసే సంస్థ ఒకటి లంకకొచ్చింది. విజయవాడ నుంచి హరిచందన అనే అమ్మాయి వచ్చి మీటింగు పెట్టింది. "మా ఆడవాళ్లు ఓ పట్టాన కదలరండీ, అదే చిక్కు" అన్నారు మగవాళ్లు. ఆ అమ్మాయి మీటింగయ్యాక ఆడవాళ్లు చేపలు ఎండేస్తున్న చోటికెళ్లి, వాళ్లతోపాటు తనూ చేపలు తిరగేస్తూ మెల్లిగా అడిగింది.

"ఎందుకు రారమ్మా?"

గంగాదేవి అంది. "వరదప్పుడు కట్ట మీద ఊళ్లకి ఊళ్లే ఉంటాయమ్మా. ఒక్క చాటుండదు. ఆ రోజు నా పిల్ల బయట చేరింది. అంతమంది మగాళ్ల మధ్య దాన్నెక్కడ కూచోబెట్టను?"

"నేనైతే ఆ రోజు కట్ట మీద దొడ్డికి పోవాల్సొస్తుందని మంచినీళ్లే ముట్టలేదు. కళ్లు తిరిగి పడిపోయా" అంది ముసలి శౌరమ్మ. ఆపైన ఒక్కొక్కరూ గొంతు విప్పారు.

మర్నాడు మీటింగులో గంగాదేవి లేచి అదే మాట అందరి ముందూ చెప్పింది. మగవాళ్లు తలలు దించుకున్నారు. ఇంటికెళ్లాక బంగార్రాజు అన్నాడు.

"ఆ రోజే చెప్తే ఏదో ఒకటి అడ్డం కట్టేవాణ్ణి కదే!"

"ఏమని చెప్పను? నువ్వూ అడగలేదుగా."

తెల్లారి అందరికంటే ముందు వెదుళ్లు కొట్టడానికి వెళ్లింది అతనే. కరకట్ట మీద తాటాకు దడులు లేచాయి. లోపల మరుగుదొడ్లు, నీళ్ల డ్రమ్ములు, నెలసరి గుడ్డలకి పాత చీరల మూట. ఏటా వానలకు ముందు దడులు బాగుచేసి, ఆడవాళ్లంతా అలవాటు కోసం పడవలెక్కి అక్కడిదాకా వెళ్లి వచ్చేవాళ్లు. పక్క లంకవాళ్లు నవ్వేవారు.

రెండువేల తొమ్మిదిలో ఎగువన డ్యాములు నిండిపోయాయి. ఖాళీ చెయ్యమని మైకు వినపడగానే గంగాదేవి ఇల్లిల్లూ తిరిగింది. "దడి సిద్ధంగా ఉంది, రండమ్మా!" శౌరమ్మ కోళ్లగంపతో మొదటి పడవే ఎక్కేసింది. మగవాళ్లు గేదెల్ని తోలేలోపే ఆడవాళ్లూ పిల్లలూ గట్టుకు చేరారు. చంటిబిడ్డతో వచ్చిన నాగమల్లేశ్వరి దడి వెనక పాలిచ్చి, అలాగే ఒరిగి నిద్రపోయింది. గంగాదేవి ఆమె పక్కనే కూచుని, మునిగిపోతున్న తన పాకను దడి సందులోంచి చూస్తూ ఏడ్చింది. ఏడుస్తూనే కూతురి మీద చీర కప్పింది.

పాకలు పోయాయిగానీ లంకలో ఒక్క ప్రాణం పోలేదు. బురద ఇంకా ఆరకముందే పక్క లంక మగవాళ్లు బంగార్రాజు దగ్గరికొచ్చారు.

"దడి ఎలా కట్టాలో మాకూ చూపించన్నా."

"కట్టడం నేను చూపిస్తాలే. ముందు మీ ఆడవాళ్లనడగండి, ఏం కావాలో" అన్నాడతను.