ఆముదం గిన్నె, అరువు జడ

1962 ఫిబ్రవరిలో నన్ను హెల్త్ విజిటర్‌గా కొల్లాపూర్‌కు బదిలీ చేశారు. హోదాలో డాక్టరుకు కింద, కాన్పులు చేసే దాయికి పైన. దవాఖానలో కూర్చునేది తక్కువ, ఇల్లిల్లూ తిరిగి బాలింతలనూ పిల్లలనూ చూసేది ఎక్కువ. పేలు, చుండ్రు, మాడు మీద పొక్కులు, వీటి గురించి చెప్పడం కూడా మా పనే.

ఆముదం అక్కడి పంట. మరీ చిక్కన గనక సగం నువ్వుల నూనె కలిపేదాన్ని. గిన్నెను పొయ్యి మీద కాకుండా వేడినీళ్లలో ఉంచి, పాపిళ్లు తీసి, గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో రుద్ది చూపించేదాన్ని. ఆడవాళ్లు నా చేతులను చూసేవాళ్లు కాదు, నడుము దాటిన నా జడను చూసేవాళ్లు. "ఏం పెడ్తవు నర్సమ్మా?" అనేవాళ్లు. ఇదే ఆముదం అనేదాన్ని. ఆ జడలో ముప్పాతిక సవరం, కొని తెచ్చి కలిపి అల్లుకున్న వెంట్రుకలు. నా మాటకు బలం వస్తోంది కదా అని ఊరుకున్నాను. సిగ్గులేని పని.

మార్చిలో నేతగాళ్ల వాడ నుంచి కబురొచ్చింది. బాలమణి అనే అమ్మాయికి టైఫాయిడ్ తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి, పిడికెడైనా మిగల్లేదు. తలకు తువ్వాలు చుట్టుకుని మగ్గం వెనక అర్రలో కూర్చుంది. ఏడో తరగతి పరీక్ష దగ్గర పడింది. "అందరు నవ్వుతరు, నేను పోను" అని మొండికేసింది.

ఈ నూనె పెడితే నాలాగే పెరుగుతుందని ధైర్యం చెప్పి తలకు రుద్దాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా గుమిగూడారు. పని కాగానే బాలమణి వాళ్ల అవ్వకు నా మీద ప్రేమ పొంగింది. "జర కూసో బిడ్డా, నీ తలకు గూడ పెడత" అంటూ, వద్దు వద్దంటున్నా వినకుండా నూనె చేతులతో జడ పట్టుకుంది. సవరం ఊడి ఆమె చేతికొచ్చింది.

"అయ్యో, గిదేంది! ఆముదంతోని పెరిగిందంటివి గద?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మిగిలింది ఎలుకతోకంత పిలక. చచ్చేంత సిగ్గేసింది. పోదామని సంచీ ఎత్తుకున్నాను.

బాలమణి తువ్వాలు వెనక్కి జరిపి నన్నే చూసింది. "నీకు గూడ జరమొచ్చిందా?" అనడిగింది. ట్రైనింగులో టైఫాయిడ్ వచ్చిందనీ, ఊడినవాటిలో కొన్నే తిరిగి వచ్చాయనీ ఒప్పుకున్నాను. చాలామందికి వాటంతటవే వస్తాయి, నూనె మాడును మెత్తగా ఉంచుతుందే తప్ప వెంట్రుకను మొలిపించదు. అదీ చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల ఏడ్చింది. నన్నెవరూ గడప దాకా సాగనంపలేదు.

అంత జరిగినా నేను సవరం మానలేదు. అది లేకుండా వీధిలోకి పోవడానికి మొహం చెల్లలేదు.

పరీక్ష ముందురోజు బాలమణి తువ్వాలుతోనే దవాఖానకు వచ్చి, తల దించుకుని నిలబడింది.

"సవరం ఏడ దొరుకుతది నర్సమ్మా?"

ఆ ఊళ్లో దొరకదు. నాది విప్పి, ఆ పిల్లకు ఉన్న కాసిని వెంట్రుకలకే ముడేసి కట్టాను. మర్నాడు ఆమె పరీక్షకు పోయింది. నేను ఎలుకతోకతో డ్యూటీకి పోయాను. వాడలన్నీ చూశాయి.

ఏ నూనె గురించి చెప్పినా ముందుగా దానివల్ల కానిది చెప్పాలని నేర్చుకున్నాను. అలా చెప్పడం మొదలుపెట్టాక నా చుట్టూ చేరేవాళ్లు తగ్గారు. "ఏం పెడ్తవు నర్సమ్మా?" అని రిటైరయ్యేదాకా మళ్లీ ఎవరూ అడగలేదు.