రాజమ్మత్త ఇల్లు ఎక్కడ?

మా మేనత్త రాజమ్మ ఇక లేదు. చేవెళ్ల నుంచి వచ్చిన బండివాడు మొయినాబాద్‌లో మా అరుగు ముందు నిలబడి ఆ దుర్వార్త చెప్పినప్పుడు, దుఃఖం కంటే ముందు నాకు భయం కలిగింది. ఆ భయం ఈనాటికీ తగ్గలేదు.

అత్త కాపురానికి వెళ్లిన ఊరు మొయినాబాద్‌కు అవతల ఏటి ఒడ్డున ఉండేది. సర్కారు పెద్ద చెరువుకు కట్ట కట్టించినప్పుడు ఊరంతా నీళ్లలో మునిగింది. వాళ్లు చేవెళ్లకు తరలివెళ్లి కిరాణా దుకాణం పెట్టుకున్నారు. అత్త ధర్మబుద్ధి గల మనిషి. యుద్ధం రోజుల్లో కిరసనాయిలుకు కటకట వస్తే, ముందు బాలింతలున్న ఇళ్లకు పోయించి, మిగిలిన దానితోనే తన ఇంట దీపం పెట్టేది. చేవెళ్ల ఆమెను ఎంతో గౌరవించింది. అయినా ఆమె మనసు ఏటి ఒడ్డునే ఉండిపోయింది.

"పొద్దుగాల తలుపు తీస్తె ఏరు, ఏటికవుతల సీతాఫలాల గుట్ట. గంత సక్కదనం నేను మల్ల యాడ సూడలే" అనేది.

ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే ఆ ఊరి నేల బయటపడేది. గోడలు ఏనాడో కరిగిపోయాయి. వాళ్ల ఇంటి రాతిగడప ఒక్కటే మిగిలింది. ఏటా ఒక శుక్రవారం అత్త బండి కట్టించుకొని వచ్చి, నన్ను వెంటబెట్టుకొని వెళ్లి, ఆ గడప కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. పైన నెర్రెలిచ్చిన మట్టి, అడుగున ఊబి. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నడిచేవాణ్ణి. ఆమెకు జంకే లేదు. ఒకసారి నేను గడప దాటకుండా పక్క నుంచి వెళ్లాను.

"గోడలకెల్లి వస్తవేందిరా! దర్వాజ కనవడతలేదా?" అని కసిరింది.

వెనక్కి వెళ్లి గడప దాటి వచ్చాను. నవ్వుతూనే వచ్చాను గానీ, ఆ తర్వాత ఎన్నడూ పక్క నుంచి వెళ్లలేదు.

ఆమె కొడుకు వెంకటేశం మాతృభక్తుడు. తల్లి ఏనాడు ఊబిలో దిగబడుతుందోనని అతనికి ఒకటే ఫికరు. నిరుడు కూలీలతో వెళ్లి ఆ గడపను గడ్డపారలతో పెకలించి, చేవెళ్లకు తెచ్చి ఇంటి ద్వారానికి బిగించాడు.

"అవ్వా, ఇగ గంత దూరం పోవుడెందుకు? నీ గడప నీ ఇంటికే వచ్చింది" అన్నాడు సంబరంగా.

నేనక్కడే ఉన్నాను. అత్త ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకు పెరికినవ్ బిడ్డా? ఇగ మన ఇల్లు యాడున్నదో నాకెట్ల తెలుస్తది?"

ఆనాటి నుంచి ఆమె పెరటి దారినే నడిచింది. ఆ గడప ఒక్కసారీ దాటలేదు.

ఈ ఏడు నీళ్లు తగ్గగానే ఎవరి మాటా వినకుండా వచ్చింది. పెకలించిన గుంతను ఒండ్రు పూడ్చేసింది. ఎటు చూసినా ఒకే తీరు మట్టి. పసుపు గిన్నె పట్టుకొని అటూ ఇటూ తిరిగింది. "ఇది వంటిల్లా? కాదు కాదు, ఇది బజారు" అంటూ ఆగిపోయింది. పడమట మబ్బు కమ్ముతోంది. చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"నాకు భయమైతున్నదిరా. నేను ఎవరింట్ల నిలవడ్డనో ఏమో."

ఆమె నోట భయమన్న మాట వినడం నాకదే మొదలు. చేవెళ్లకు వెళ్లి మంచం పట్టింది, మళ్లీ లేవలేదు.

దినవారాలు ముగిశాక వెంకటేశం ఆ గడపను ఊడదీసి బండికెత్తాడు. ఇద్దరం వెళ్లేసరికి వానలకు నీళ్లు పైకొచ్చి ఉన్నాయి. అతను కళ్లు తుడుచుకుంటూ, "బావా, యాడ దించుదాం?" అని అడిగాడు. ఒడ్డునే దించి వచ్చాం.

ఆ పుణ్యమూర్తి పాదాలకు నమస్కరిస్తున్నాను. రేపు మా పిల్లలు ఆ ఒడ్డున నిలబడి, నీళ్లు ఎంత బాగున్నాయో అంటారు. ఇక్కడ మన వాళ్ల ఊరుండేదని చెబుతాను. ఎక్కడ అని అడిగితే నా చెయ్యి ఎటూ లేవదు.