రాజాకు ఒక్కపొద్దు

మా పెద్దమ్మను తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. తొంభైలలో తిరువొత్తియూరులో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా రాజా సగం అల్సేషియన్, సగం వీధికుక్క. లేచి నిలబడితే ముందుకాళ్లు నా భుజాల మీద వేసేది. అంత కుక్కకు రోజూ పెరుగన్నమే. ఏకాదశి వస్తే అదీ లేదు. ఆవిడ దాని పళ్లెం కడిగి బోర్లించి, మా అందరివైపూ చూపుడువేలు ఆడించేది.

"మనింట్లో ఉండేదానికి మన ఆచారమే. ఈపొద్దు దానికీ ఒక్కపొద్దు. ఎవురూ ఏమీ పెట్టబాకండి, సరియా?"

తాను మాత్రం నెయ్యి వేసిన గోధుమరవ్వ ఉప్మా రెండుసార్లు వడ్డించుకునేది. అది ఫలహారమట, అన్నం కాదట. రాజా గడప అవతల కూర్చుని చొంగ కార్చేది.

"అక్కా, నోరులేని జీవం. ఒక్క ముద్ద పెడతా" అని అమ్మ బతిమాలేది.

"పాపం నీకే చుట్టుకుంటాది, పో!"

ఒక ఏకాదశినాడు రాజా గొలుసు తెంపుకుని సముద్రం ఒడ్డున జాలరిపేటకు పరుగెత్తింది. పెద్దమ్మ ఉప్మా ముందు కూర్చునేసరికి తిరిగొచ్చింది. నోట్లో పెద్ద చేపతల. దాన్ని తినకుండా ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, తోకాడిస్తూ వెనక్కి జరిగింది. ఒక్కపొద్దున్న మనిషికి ఆకలేస్తుందనుకుందేమో.

ఆవిడ చీపురు తిరగేసి దాన్ని చితకబాదింది. తలస్నానం చేసి, అమ్మ చేత మళ్లీ ఉప్మా చేయించుకుని కూర్చుంది. మొదటి ముద్దకు ముందు ఆ వేలు లేచింది.

"రేపు ద్వాదశి కూడా దానికి ఒక్కపొద్దే!"