జోగయ్య కాళ్లు ఆగిన రాత్రి

ఒట్టు పెట్టే అలవాటు నాకు లేదు. దేవుడి మీద అసలు పెట్టను. కానీ ఇది నా కళ్లముందు జరిగింది... కాదన్నవాళ్లతో ఎంతసేపైనా వాదిస్తాను.

వెన్నుపాములోని నాడీకణాలు కాళ్లను ఎలా నడిపిస్తాయన్నది నా పరిశోధన. పీహెచ్‌డీ అయ్యాక కూడా అదే పని. దాని మీదే నిరుడు దుమ్ముగూడెం దాటి, అడవి అంచున జోగయ్య ఇంటికి వెళ్లాను. తాటిచెట్టు మీద నుంచి పడి, నడుము కింద చచ్చుబడిన మనిషి. వెన్నుపాము పూర్తిగా తెగిందని దవాఖానా కాగితంలో ఉంది. అయినా నిద్రలో కాళ్లు ఆడుతున్నాయట. గాలిదయ్యం పట్టి ఎత్తుకుపోతుందని భార్య ముత్తమ్మ రోజూ వాటిని మంచానికి కట్టేస్తోంది. తెల్లారితే వాతలు పెట్టించాలని అనుకున్నారు. స్పర్శ లేని కాళ్లకు వాతలు! పుండ్లు కుళ్లినా అతనికి తెలియదు. ప్రాణమే పోవచ్చు.

మెదడు చెప్పకున్నా వెన్నుపాము తనంతట తాను కాళ్లను ఆడించగలదని ముత్తమ్మతో సాయంత్రమంతా వాదించాను.

"అయితే సూపియ్యి మేడం" అంది.

కట్లు విప్పించి, కండరాల కదలికను గీతలుగా చూపే పరికరాన్ని కాళ్లకు అంటించాను. జోగయ్య నవ్వాడు. "నా కాళ్లకు నేనంటే సిగ్గు మేడం. నేను పండుకున్నంకనే పోతయి."

పడుకున్నాడు. గురక... చూరు నుంచి వాన చుక్కలు... టప్... టప్. రాత్రి రెండు దాటాక మంచం కిర్రుమంది. దుప్పటి కింద కుడి మోకాలు లేచింది. దిగింది. ఎడమది లేచింది... కుడి... ఎడమ... పడుకున్న మనిషి నడుస్తున్నాడు. నేను ఊహించిందే. భయం లేదు.

గోడకు ఆనుకున్న ముత్తమ్మ మెల్లగా అడిగింది. "యాడికి పోతున్నవయ్యా?"

కాళ్లు... ఆగిపోయాయి.

రెండు మోకాళ్లూ సగం లేచి... అలాగే. గురక మాత్రం సాగుతోంది. తెగిన దారిలో ఆ మాట కిందికి ఎలా వెళ్లింది?

అప్పుడు తట్టింది. వెన్నుపాము పూర్తిగా తెగలేదేమో!

జోగయ్యను లేపాను. బొటనవేలు కదపమన్నాను. నాలుగోసారికి... కుడి బొటనవేలు వంగింది. తెర మీద గీత లేచింది. మళ్లీ కదపమన్నాను. మళ్లీ లేచింది. ముత్తమ్మ ఆ వేలు పట్టుకుని ఏడ్చింది. పొద్దున్నే వాతలు పెట్టడానికి వచ్చినవాళ్లను తనే వాకిట్లోంచి పంపేసింది. "గవి మా ఆయన కాళ్లు. ఇంకెవ్వలయీ కావు."

ఇప్పుడు జోగయ్య కర్రలు పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. ఆ రాత్రి నీ భార్య మాట విన్నావా అంటే లేదన్నాడు. తర్వాత చాలా రాత్రులు అతని పక్కన కూర్చున్నాను. ముత్తమ్మ పిలిచింది. నేను పిలిచాను. కాళ్లు మళ్లీ ఒక్కసారీ ఆగలేదు.

గాలి కాదు. నా డిగ్రీలన్నీ పందెం కాస్తాను. కానీ నిద్రపోతున్న ఆ ఒంట్లో ముత్తమ్మ మాట విన్నదేమిటో... నాకింకా తెలియదు.