శోభనాద్రి మేష్టారు చదివిన తంతి

నాగాయలంక బడిలో శోభనాద్రి మేష్టారు కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా చూసినవాళ్ళు లేరు. నల్లబల్ల దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాకా, గుమ్మం నుంచి కిటికీ దాకా నడుస్తూనే చెప్పేవాడు. ఇంట్లోనూ అంతే. భోజనం చేసి లేచాడంటే విస్తరి ఎత్తేలోగా వీధిలో ఉండేవాడు. "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటండీ, ఒక్క ఘడియ కూచోలేరా" అని భార్య సీతారత్నం విసుక్కునేది.

ఆయన పుట్టింది బందరులో. తండ్రి రేవులో గుమాస్తా. కొడుకు స్కూలు ఫైనలు గట్టెక్కితే ఏ కచేరీలోనో వేయించాలని ఆయన ఆశ. శోభనాద్రి రెండుసార్లు రాసి రెండుసార్లూ ఇంగ్లీషులోనే తప్పాడు. మూడోసారి రాయడానికి మొహం చెల్లక, ట్రెయినింగు ముగించుకుని దివిసీమకి పంతులుగా వచ్చిపడ్డాడు. వచ్చాక తెలిసింది, ఆ చుట్టుపక్కల తెల్లవాళ్ళ భాష చదవగలిగినవాడు తనొక్కడేనని. కోర్టు నోటీసు వచ్చినా, రంగూను నుంచి ఉత్తరం వచ్చినా, తంతి వచ్చినా జనం ఆయన గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. "బందరులో తప్పిన ఇంగ్లీషు ఇక్కడ ప్యాసైందే" అని భార్యతో నవ్వుతూ అనేవాడు గాని, లోపల ఆ మాటని నిజంగానే నమ్మాడు.

ముప్ఫైనాలుగో సంవత్సరం, దీపావళి వెళ్ళిన రెండు వారాలకి పెద్ద గాలివాన పట్టింది. శని, ఆదివారాలు రెండు రోజులూ సముద్రం హోరు ఊళ్ళోకి వినపడింది. పల్లెపాలెంలో పడవలన్నీ ఒడ్డుకి లాగి మోకులతో కట్టారు. ఆ రెండు రోజులూ సుబ్బాయమ్మ ఇంట్లో పొయ్యి రాజుకోలేదు. ఆమె భర్త గంగన్న రంగూను రేవులో మూడేళ్ళు సరంగుగా సరుకు పడవ నడిపి, ఆ వారంలోనే ఓడెక్కుతున్నానని కబురు చేశాడు. ఓడ విశాఖపట్నం, కాకినాడ తాకి బందరు రావాలి. అంటే గాలివాన సమయానికి ఆయన సముద్రం మీద ఉండాలి.

సోమవారం మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి తంతి బంట్రోతు మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. దారిలో తీగెలు తెగి తంతి రెండు రోజులు ఆలస్యమైందన్నాడు. సుబ్బాయమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని బడికి పరిగెత్తుకొచ్చింది. వెనక పాలెం సగం వచ్చింది.

"చదవండి పంతులుగారూ. ఏదైనా సరే చదివెయ్యండి."

శోభనాద్రి కాగితం అందుకున్నాడు. ఐదారు మాటలే. గంగన్న పుట్ ఆఫ్ స్టీమర్ ఫ్రైడే, ఇన్ఫార్మ్ ఫ్యామిలీ. ఆయన మొహం విప్పారింది. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. చిన్నప్పుడు వాచకంలో నేర్చిన మాట, పిల్లలకి పదిసార్లు చెప్పిన మాట.

"భయం లేదు సుబ్బాయమ్మా. గంగన్న ఓడ ప్రయాణం శుక్రవారానికి వాయిదా వేసుకున్నాడు. ఈ ఓడలో లేడు. రంగూనులోనే ఉన్నాడు."

ఆమె అక్కడే వసారా మెట్టు మీద కూలబడి ఏడ్చింది. రెండు రోజులుగా పట్టి ఉంచిన ఏడుపు అది. పాలెం పెద్ద నూకరాజు తలపాగా తీసి మేష్టారికి దణ్ణం పెట్టాడు. ఆ సాయంత్రం శోభనాద్రి ఇంటికి వెళ్తుంటే అరుగుల మీద కూచున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇరవై ఏళ్ళ కిందట తప్పిన పరీక్ష ఆ పూట మరిచిపోయాడు.

బుధవారం పొద్దున ఎనిమిదో తరగతికి క్రియల రూపాలు చెప్తున్నాడు. మూడు కాలాల్లోనూ మారని మాటలు. "కట్, కట్, కట్" అని ఆయన అంటే పిల్లలు తిరిగి అంటున్నారు. "పుట్, పుట్, పుట్" అన్నాడు. పిల్లలు అన్నారు. కిటికీ దాకా వెళ్ళినవాడు అక్కడే ఆగిపోయాడు.

పుట్ అన్నది జరగబోయేదీ కావచ్చు, జరిగిపోయిందీ కావచ్చు. ఆ శుక్రవారం రాబోయే శుక్రవారమని తనకెవరు చెప్పారు? వెళ్ళిపోయిన శుక్రవారమైతే? ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. తంతి మీద పైన కాకినాడ అని ఉంది. రంగూనులో ఉండిపోయినవాడి కబురు కాకినాడ నుంచి ఎందుకొస్తుంది? చిన్నప్పుడు తండ్రి రేవు నుంచి వచ్చి భోజనానికి కూచుంటూ అనే మాట చెవిలో పడింది. 'బోటు ఇప్పుడే పుటాఫ్ అయింది.' ఒడ్డు వదిలి బయల్దేరిందని దానర్థం. అంటే ఓడ శుక్రవారం కాకినాడ వదిలింది. శనివారం గాలివాన.

పిల్లల్ని పంపేసి పాలెం వైపు నడిచాడు. దారి పొడుగునా, ఆమెకి చెప్పాలా, ముందు తను నిర్ధారణ చేసుకోవాలా అని రెండు రకాలుగా అనుకుంటూ వెళ్ళాడు. సుబ్బాయమ్మ గుమ్మంలో కూచుని వల బాగుచేస్తోంది. పక్కన ఏడేళ్ళ కూతురు సత్యవతి దారం ఉండలు చుడుతోంది.

"సుబ్బాయమ్మా, ఆ తంతి ఓసారి ఇస్తావా? బందరులో మా గురువుగారికి చూపించి వస్తాను."

ఆమె సూది ఆపింది. ఆయన మొహం కేసి చాలాసేపు చూసింది.

"మొన్న మీరు చెప్పింది కాదాండీ అందులో ఉన్నది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అది చెప్పి కాగితం పట్టుకుని వెళ్ళిపోవచ్చు.

"కాకపోవచ్చు" అన్నాడు.

ఆమె లేచింది. పిల్లని పక్కింట్లో అప్పగించి, తంతి కొంగున ముడేసుకుని, "పదండి" అంది.

దారి దారిలా లేదు. చెట్లు విరిగి అడ్డంగా పడ్డాయి. అవనిగడ్డ దాకా బండి మీద, అక్కడినుంచి నడక. పులిగడ్డ రేవులో నీటి వడికి పడవ వెయ్యలేమన్నారు. శోభనాద్రి ఒడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. సుబ్బాయమ్మే పడవవాళ్ళతో మాట్లాడింది. "సరంగు గంగన్న పెళ్ళాన్ని. మీరు తెడ్డు వెయ్యలేకపోతే నేనేస్తాను" అంటే వాళ్ళు కదిలారు. చల్లపల్లి సత్రంలో తలదాచుకుని, గురువారం పొద్దున బస్సు పట్టుకుని బందరు చేరారు.

గొడుగుపేటలో పూర్ణచంద్రరావుగారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. శోభనాద్రిని రెండుసార్లు తప్పించింది ఆయన చెప్పిన సబ్జెక్టే. వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. సంగతంతా విని తంతి తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నువ్వేమని చెప్పావు?"

"వాయిదా వేసుకున్నాడని చెప్పానండీ. నిన్న, ఓడ బయల్దేరిందేమోనని అనుమానం వచ్చింది."

"రెండూ ఉన్నాయి. ఇంకా ఉన్నాయి. తొడుక్కున్న కోటు విప్పడం కూడా పుటాఫే. అప్పులవాడికి కల్లబొల్లి చెప్పి పంపడమూ పుటాఫే. మనసు విరగడమూ అదే. మన పెట్టడం లాంటిదేనోయ్ వాళ్ళ పుట్. కనిపెట్టాడంటే ఏమిటి? కని, ఆ తర్వాత ఎక్కడో పెట్టాడనా? విడిచిపెట్టు, బయటపెట్టు, మొదలుపెట్టు. పెట్టు ఒక్కటే. ముందున్న మాట దాన్ని ఎటు లాగితే అటు పోతుంది. నీకు పెట్టు తెలుసు గనక అన్నీ తెలుసనుకుంటే ఎట్లా?"

శోభనాద్రి తల వంచుకున్నాడు. గుమ్మం కింద నిలబడ్డ సుబ్బాయమ్మ, "ఆ మాటలు నాకెందుకయ్యగారూ. మా ఆయన ఎక్కడున్నాడో అందులో ఉందా?" అంది.

పూర్ణచంద్రరావుగారు పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గింది.

"ఉందమ్మా. ఓడ మీంచి మనిషిని దించెయ్యడాన్ని కూడా ఇట్లాగే అంటారు. తంతిలో చిన్న మాటలు కత్తిరిస్తారు. కాకినాడ నుంచి వచ్చింది గనక ఇదే సరైన అర్థమని నా నమ్మకం. శుక్రవారం నాడు నీ భర్తని కాకినాడలో దించేశారు. ఇంటివాళ్ళకి చెప్పమన్నారంటే, జబ్బు చేసి ఉంటుంది. ఎవరైనా రావాలని కబురు పెట్టారు."

"శుక్రవారం" అంది సుబ్బాయమ్మ. వేళ్ళు మడిచింది. "ఇవాళ గురువారం."

తంతి తీసుకుని మళ్ళీ కొంగున ముడేసుకుంది. తిట్టినా బావుండేదని శోభనాద్రికి తర్వాత చాలా ఏళ్ళు అనిపించింది.

మధ్యాహ్నం రైలెక్కారు. గుడివాడలో బండి మారాలి. భీమవరం బండి రావడానికి రెండు గంటలుందన్నారు. శోభనాద్రి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్నిసార్లు తిరిగాడో ఆయనకే తెలియదు. సుబ్బాయమ్మ స్తంభానికి ఆనుకుని రైలు రావలసిన వైపే చూస్తూ కూచుంది. ఒకసారి ఆమె దగ్గర ఆగి, "మంచినీళ్ళు తెచ్చేదా" అని అడిగాడు. అక్కర్లేదన్నట్టు తల ఊపింది.

శుక్రవారం పొద్దున కాకినాడ రేవు పక్క ఆసుపత్రిలో విచారిస్తే కాంపౌండరు పుస్తకం చూసి చెప్పాడు.

"గంగన్నేగా? సన్నిపాత జ్వరం. ఓడ డాక్టరు ఇక్కడ దింపించాడు. జ్వరం కాస్త తగ్గింది. ఇంకో పది రోజులు కదలొద్దన్నాం. వింటేనా? ఎవరూ రాలేదు, నేనే వెళ్తానని నిన్న తెల్లవారగానే లేచి వెళ్ళిపోయాడు. రైలుకేనని చెప్పాడు."

వచ్చిన దారినే మళ్ళీ తిరిగారు. ప్రతి స్టేషనులోనూ శోభనాద్రి దిగి ప్లాట్‌ఫారం మీద పడుకున్నవాళ్ళ మొహాలు చూసేవాడు. ఈల వేసేదాకా ఎక్కేవాడు కాదు. సుబ్బాయమ్మ కిటికీలోంచి రెండో వైపు చూసేది.

శనివారం పొద్దున గుడివాడలో దిగి బందరు బండి కోసం చూస్తుంటే, మంచినీళ్ళు పోసే ముసలాయన వెంకటస్వామిని అడిగాడు శోభనాద్రి, జ్వరంతో ఉన్న మనిషెవరైనా కనిపించాడా అని. "గూడ్సు షెడ్డు వెనక ఒకడున్నాడు బాబూ. గురువారం సాయంత్రం దిగాడు. అడుగు వెయ్యలేకపోతే నేనే గంజి పోస్తున్నాను" అన్నాడు ముసలాయన.

సుబ్బాయమ్మ పరిగెత్తింది. గోనె సంచుల మీద, ఎముకల గూడులా పడి ఉన్నాడు గంగన్న. గురువారం సాయంత్రం. ఆ రెండు గంటలూ శోభనాద్రి ప్లాట్‌ఫారం మీద తిరుగుతూనే ఉన్నాడు. షెడ్డు వెనక్కి ఒక్కసారి తొంగి చూసి ఉంటే సరిపోయేది.

గంగన్న భార్య చెయ్యి పట్టుకుని, "తంతి కొట్టామన్నారే. ఆరు రోజులు గుమ్మం కేసే చూశాను. అందలేదా?" అన్నాడు.

శోభనాద్రి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు.

"అందింది గంగన్నా. నేనే తప్పు చదివాను. నువ్వు రంగూనులో ఉన్నావని చెప్పాను."

గంగన్నకి అర్థమైందో లేదో, "దాహం" అన్నాడు.

మనిషి బతికాడు. తిరగబెట్టిన జ్వరం రెండు నెలలు పీడించి, పోతూ పోతూ రెండు చెవులూ మందం చేసి పోయింది. కేక వినపడనివాడిని సముద్రం మీదకి ఎవరు తీసుకెళ్తారు? వలలు అల్లుతూ ఇంటిపట్టున ఉండిపోయాడు. చేపల గంప సుబ్బాయమ్మ నెత్తికెక్కింది. ఆ జ్వరం గుడివాడ గూడ్సు షెడ్డులో తిరగబెట్టిందో, కాకినాడ మంచం మీదే ఉన్నా తిరగబెట్టేదో, శోభనాద్రి ఎందరు వైద్యుల్ని అడిగినా ఎవరూ తేల్చి చెప్పలేదు. అడగడం మాత్రం మానలేదు.

పాలెంవాళ్ళు కాగితాలు తేవడం మానేశారు. ఒకరిద్దరు తెచ్చినా, ఆయన నాలుగుసార్లు చదివి, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ రోజు వేశారు అని చూసి, అనుమానం ఉంటే బందరు తీసుకెళ్ళేవాడు. చదవడానికి ఇంతసేపా అని వాళ్ళకి విసుగు. సీతారత్నం మాత్రం, "ఇప్పుడు చదువుతున్నారు మీరు" అంది ఓసారి.

జూన్‌లో బడి తెరిచిన రోజున సుబ్బాయమ్మ సత్యవతిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ తంతి చదివించుకున్న తర్వాత ఆమె బడి గుమ్మం తొక్కడం అదే. పాలెం నుంచి ఆడపిల్ల బడికి రావడమూ అదే మొదలు.

"చేర్చుకోండి పంతులుగారూ."

"తప్పకుండా చేర్చుకుంటాను సుబ్బాయమ్మా. తెలుగూ లెక్కలూ..."

"ఇంగ్లీషు చెప్పండి. ఇకమీదట కాగితం పట్టుకుని నేను ఎవరి మొహమూ చూడకూడదు."

శోభనాద్రి "నా దగ్గరే నేర్పిస్తావా?" అని అడిగాడు.

"ఇంకెవరున్నారండీ ఇక్కడ?" అంది ఆమె. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సత్యవతి చురుకైన పిల్ల. వానాకాలం వస్తే ముంపులో ఈదుకుంటూ అయినా వచ్చేది. నలభై రెండో సంవత్సరానికి ఎనిమిదో తరగతిలో ఉంది. అప్పటికి బర్మా నుంచి పారిపోయి వచ్చేవాళ్ళ గురించి పాలెంలో వారానికొక కాగితం దిగుతోంది. వాటిని ముందుగా ఆ పిల్లే చూసేది. ఒకనాడు పాఠం మధ్యలో లేచి నిలబడింది.

"మేష్టారూ, దీపం పుటౌట్ చెయ్యడమంటే ఆర్పెయ్యడమన్నారు. మా పక్కింటికి వచ్చిన ఉత్తరంలో, ఓడ అక్యాబు రేవు నుంచి పుటౌట్ అయిందని ఉందండీ. ఓడ తగలబడితే ఆర్పారనా?"

తరగతి గొల్లుమంది. శోభనాద్రి నవ్వలేదు. గుమ్మం దాకా నడిచాడు. తిరిగి వచ్చాడు. ఒక అర్థం నోటిదాకా వచ్చింది. ఒడ్డు వదిలి బయల్దేరిందనే అయ్యుండాలి.

"నాకు తెలియదమ్మా" అన్నాడు. "అనుకోవడం వేరు, తెలియడం వేరు. ఆ ఇంటివాళ్ళకి నువ్వేమీ చెప్పకు. రేపటిదాకా ఆగమను."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేష్టారు తెలియదనడం వాళ్ళెప్పుడూ వినలేదు. ఆయన ఆ వాక్యం మొత్తం కాగితం మీద రాయించుకున్నాడు. తారీఖు అడిగాడు, ఏ ఊరి ముద్ర ఉందో అడిగాడు. గంట కొట్టకముందే కండువా భుజాన వేసుకుని, హెడ్మాస్టరుతో ఒక మాట చెప్పి, బందరుకని అవనిగడ్డ రోడ్డు ఎక్కాడు. బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. ఆగలేక నడవడం మొదలుపెట్టాడు.