సారెతో వచ్చిన ఫ్యాను, మా అత్త చిలక

మా మేనత్త పెంచిన చిలక గురించి ఇప్పటికి చాలామందికి చెప్పాను, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. అది తెలుగూ ఉర్దూ రెండూ మాట్లాడేదన్నాను. మాచర్ల బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో ఇంట్లోంచే అరిచి చెప్పేదన్నాను. దొంగ గోడ దూకితే నిలబెట్టి ఊరూ పేరూ అడిగిందని కూడా అన్నాను. మనవళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నిజానికి దానికి ఒక్క మాట రాదు. వచ్చింది ఒకే ఒక చప్పుడు, గొంతు అడుగునుంచి కాండ్రించి ఉమ్మేసే చప్పుడు. "ఖ్హా... థూ!"

పక్క వాటాలో చుట్ట తాగే ముసలాయన ఉండేవాడు. ఆయన దగ్గరే నేర్చుకుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. నింద ఆయనకు బాగా అతికింది కూడా. తెల్లారుతూనే బావి దగ్గర వేపపుల్ల చీల్చి, నాలుక గీసుకుంటూ వీధి చివరికి వినపడేలా ఆ చప్పుడు చేసేది నేనే. నా గొంతు ఆ ఎర్రముక్కులోంచి నాకే వినపడితే లేచి అవతలికి పోయేవాణ్ణి.

ఆ పిట్టంటే నాకు అసహ్యం. ఎనభైల్లో సంగతి ఇది. మాచర్లలో నాపరాళ్ళు పరిచిన మిద్దె ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నేను పత్తి మిల్లులో గుమాస్తాని. సాయంత్రం ఒళ్ళంతా దూదితో ఇంటికొస్తే, నేను కూర్చునే కుర్చీ వీపు మీద తెల్లగా, పచ్చగా, ఇంకా ఆరకుండా రెట్ట. ఉతికి ఆరేసిన చొక్కా మీద రెట్ట. మంచినీళ్ళ బిందె మూత మీద సగం కొరికిన మిరపకాయ, దాని పక్కన ఇంకో రెట్ట. కాలితో బుర్ర గోక్కుంటే తెల్లటి పొట్టు రాలి మజ్జిగలో పడేది.

అన్నిటికంటే అసహ్యం, దాన్ని మా అత్త పెంచిన తీరు. కొట్టేసిన తాటిచెట్టు తొర్రలో ఈకలు కూడా రాని పిల్లగా దొరికింది. అత్త జొన్నన్నం నమిలి, మెత్తగా చేసి, తన నోటితోనే దాని నోటికి అందించింది. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. అత్త పెదాల మధ్య మెతుకు పెట్టుకుంటే అది వచ్చి తీసుకునేది. నా భోజనం ఎదురుగానే.

"అత్తా, వాంతొస్తంది," అనేవాణ్ణి.

"నిన్నూ ఇట్టనే పెంచాన్లేరా. అప్పుడు రాలేదే వాంతి!" అనేది.

అది నిజం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. భర్త పోయి, పిల్లలు లేక, మా నాన్న ఇంటికొచ్చి, నాన్న తర్వాత నా ఇంటికొచ్చింది. ఆమెకంటూ ఉన్నది ఒక ట్రంకు పెట్టె, ఆ పిట్ట. పెరట్లో నిలబడి నాలుకతో టక్కుటక్కుమనిపిస్తే చాలు, వీధి గుమ్మం మీద కూర్చున్న చిలక నడింట్లోంచి ఒక్క ఊపున ఎగిరొచ్చి ఆమె భుజం మీద వాలేది. రోజుకు పదిసార్లు పిలిచేది, పనేమీ లేకపోయినా. ఇల్లు తనదేనన్న నమ్మకం ఆమెకు అప్పుడే కలిగేదేమో. నాకు కలిగేది ఒళ్ళు మంట.

నడింట్లోంచి అన్నాను, అక్కడే వచ్చింది చిక్కు.

నా భార్య కాన్పుకు వినుకొండ పుట్టింటికి వెళ్ళి, బాబుకు మూడో నెల నిండాక సారెతో తిరిగొచ్చింది. అరిసెలు, చీర, ఉయ్యాల, వాటితోపాటు మా మామగారు తెచ్చిన సీలింగు ఫ్యాను. సారెలో వచ్చిన వస్తువును వాడకుండా అటక మీద పెడితే ఇచ్చినవాళ్ళ మొహాన కొట్టినట్టే. మామగారే దగ్గరుండి నడింటి దూలానికి వేలాడదీయించారు. ఆ ఫ్యాను నా జుట్టు కత్తిరించేదని తర్వాత చాలాచోట్ల కోతలు కోశాను. అంత లేదు. చెయ్యెత్తితే వేలు తగిలేది, అంతే. నాపరాళ్ళ మిద్దెలు ఎత్తు తక్కువ.

ఆ మిద్దెల కింద ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో ఉన్నవాళ్ళకే తెలుసు. రాయి పగలంతా కాగి, పొద్దుగూకాక ఆ వేడిని మన మీదికి వదులుతుంది. బాబుకు మెడ నిండా చెమటకాయలు, నెత్తిన సెగ్గడ్డలు. ఒకటి చితికి చీము కారుతుంటే నా భార్య గుడ్డతో అద్దుతూ ఏడ్చేది. ఫ్యాను తిరిగితేనే వాడు నిద్రపోయేవాడు.

మూడోనాడో నాలుగోనాడో ఒక పిచ్చుక దానికి తగిలింది. మామగారి కంచంలో పడిందని ఎన్నోసార్లు చెప్పి నవ్వించాను. కంచంలో కాదు, ఉయ్యాల పక్కన పడింది. తల ఒకచోట, మిగతాది ఒకచోట. బాబు పొత్తిగుడ్డ మీద ఎర్రటి చుక్కలు. నేను చీపురుతో చాటలోకి ఎత్తుతుంటే గుమ్మం మీంచి చిలక నన్నే చూస్తూ "ఖ్హా... థూ!" అంది.

ఎవరూ నవ్వలేదు. అత్త దాన్ని తీసుకుని కొంగులో చుట్టుకుంది.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే పేచీ. ఫ్యాను ఆపితే బాబు ఏడుపు. వేస్తే అత్తకు ప్రాణం అరచేతిలో. ఆమె తిండి మానేసి గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. పంజరం తెస్తానన్నాను.

"తేరా, తే. నేనూ పట్టేంతది తే. ఇద్దరం కూకుంటాం."

నా భార్య మెల్లగానే అంది, "అత్తయ్యా, రెక్కలు కత్తిరిస్తే సరిపోయిద్ది కదా? నడుచుకుంటా తిరిగిద్ది. నొప్పి కూడా ఉండదంట."

"ఎవరు చెప్పారమ్మాయ్? కత్తిరించినోళ్ళా, కత్తిరించుకున్నోళ్ళా?"

ఈ మాట ఎలా పొక్కిందో, వీధి వీధంతా మా వసారాలోకి వచ్చింది. ఒకరు కుడి రెక్క అన్నారు. ఒకరు ఎడమ అన్నారు. ఒక్కవైపే కొయ్యాలి, రెండూ కోస్తే తూకం కుదిరి ఎగురుద్ది అన్నాడొకడు. పావురాలు పెంచే సాయిబు ఒకాయన, కొయ్యకూడదు పీకాలి, పీకితే త్వరగా మొలుస్తాయి అన్నాడు. ఆయనతో ఇంకొకాయన పోట్లాటకు దిగాడు. అందరికీ టీలు. కళ్ళు మాత్రం ఎవరివీ పిట్ట మీద లేవు. దూరంగా కూర్చున్న అత్త మీద ఉన్నాయి, ఆమె ఎప్పుడు ఏడుస్తుందా అని. ఆ మొహాలు చూస్తే పిట్ట రెట్టే నయమనిపించింది.

మరి నేను ఎటువైపు? అత్త పక్షాన నిలబడ్డానని నా పిల్లలతో గొప్పగా చెప్పుకున్నాను. లేదు. నేను కత్తిరించే పక్షమే. చొక్కాల మీద రెట్ట తప్పుతుందని, నా పైన ఎగిరేది ఏదీ ఉండదని లోపల సంతోషం కూడా పడ్డాను. "చూద్దాం, చూద్దాం" అంటూ నాన్చింది అత్త మొహం చూసి మాత్రమే.

సంగతి వినుకొండకు చేరింది. ఆదివారం పొద్దున బస్సులో మామగారు దిగారు, వెంట ఒక మనిషిని తీసుకుని. రొంపిచెర్ల వైపు పందెంకోళ్ళకు కత్తులు కట్టే మనిషట. కోళ్ళ ఈకలు సాపు చేయడంలో అతన్ని మించినవాడు లేడట.

"ఏమల్లుడూ, నా మనవడికి గాలాడకపోయినా పర్లేదా? పిట్టే ముఖ్యమా నీకు?" అన్నారు చెప్పులు విడుస్తూనే. నేరుగా నడింట్లోకి పోయి, ఫ్యాను ఆఖరి నంబరు మీద పెట్టి, కండువాతో ఒళ్ళు తుడుచుకున్నారు.

ఆ వచ్చినాయన వసారాలో కూర్చున్నాడు. పొద్దున్నే సారా వాసన. గోళ్ళ సందుల్లో ఎండిన నెత్తురు, కోడిదో ఎవరిదో. సంచిలోంచి కత్తెర తీసి లుంగీకి తుడిచాడు. కత్తెర రేకుల సందులో పాత ఈక ముక్క ఒకటి జిగటగా అంటుకుని ఉంది.

"పట్టుకోండి సారూ, మెడ కాడ రెండు వేళ్ళు, కాళ్ళ కాడ రెండు వేళ్ళు," అన్నాడు నాతో.

అత్త చేతుల్లోంచి చిలకను నేనే తీసుకున్నాను. ఆమె వదల్లేదు, నేను వేళ్ళు విడదీయాల్సి వచ్చింది. "నీ కొడుకు కోసం గదరా, కానీ," అంది. అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

దాన్ని నేను చేత్తో పట్టుకోవడం అదే మొదలు. అంతకాలం ఎగిరే రెట్టగానే చూశాను. వేడిగా ఉంది. ఆ చిన్న రొమ్ములో గుండె కొట్టుకోవడం కూడా కాదు, ఒకటే గుయ్యిమని మోగుతోంది. భయంతో నా అరచేతిలో రెట్ట వేసింది. నా వేళ్ళ సందుల్లోంచి కారింది. నేను వదల్లేదు.

ఆయన రెక్కను విసనకర్రలాగా విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. "కోస్తే మళ్ళా మొలుస్తయ్యి సారూ. మొలిచినప్పుడల్లా నన్ను పిలవాల. అట్టగాదు, ఇదిగో ఇక్కడ, ఈ చివర కీలు..." అని బొటనవేలు గోరు పెట్టి చూపించాడు. "ఒక్క నొక్కు నొక్కామంటే టక్కుమంటది. ఇంక జన్మలో ఎగరదు. ఏ పేచీ ఉండదు. మా ఇంట్లో నెమలికి అట్టనే చేశా. ఎంత బాగా నడుస్తదో!"

మామగారు నవ్వారు. "అదేదో అట్టనే కానీ. మాటిమాటికీ నిన్ను ఏడ తెచ్చేది?"

ఆయన కూడా నవ్వుతూ వేళ్ళు విరుచుకున్నాడు, ఆ కీలు ఎలా చప్పుడు చేస్తుందో మాకు వినిపించడానికి.

ఇక్కడ నేను లేచి నిలబడి, "మనుషులేనా మీరు!" అని గర్జించి, ఆ మనిషిని మెడపట్టి మెట్లు దింపానని మా వాళ్ళల్లో ఒక కథ ఉంది. ఆ కథ కట్టింది నేనే. జరిగింది ఇది. "అబ్బా, కరిచింది!" అని అరిచి చెయ్యి వదిలేశాను. అది కరవలేదు. మామగారి ముందు కాదనే ధైర్యం లేక అలా అన్నాను.

అది బయటికి ఎగిరిపోతుందనుకున్నాను. ఎండలోకి, చెట్టు మీదికి. అడవి పిట్ట అయితే అలాగే పోయేది. దీనికి దిక్కు అంటే అత్త, అత్త ఉన్నది పెరట్లో. వసారాలోంచి తిన్నగా నడింట్లోకి దూరింది. లోపల ఫ్యాను ఆఖరి నంబరు మీద తిరుగుతోంది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఠప్పుమని చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి గాల్లో ఒక పచ్చటి ఈక గిరగిరా తిరుగుతోంది, ఇంకో ముక్క గోడకు తగిలి పడింది. చిలక కనపడలేదు. నా భార్య బాబును భుజాన వేసుకుని స్విచ్చు దగ్గర నిలబడి ఉంది. ఆపేసింది, కానీ ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆగే దాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు ఉయ్యాల కింది నుంచి అది నడుచుకుంటూ బయటికొచ్చింది. తోక సగం లేదు. మిగతాదంతా ఉంది.

కోడికత్తుల మనిషి గుమ్మంలోంచి తొంగి చూసి, "భలే తప్పిందే! పట్టుకోండి సారూ, ఈసారి నేను..." అంటూ లోపలికి చెయ్యి చాచాడు.

"ఆ చేతుల్తో ఇంట్లో ఏదీ ముట్టుకోబాకు," అంది నా భార్య. "బావి కాడ కడుక్కుని, ఎళ్ళిపో."

"ఏందమ్మా నువ్వు! పిల్లాడి కోసం తెచ్చానమ్మా నేనతన్ని," అన్నారు మామగారు.

"నువ్వు విరవమన్నది విన్నాలే నాన్నా. మా వాడి ఎదురుగా నవ్వుకుంటా విరుస్తారా? ఛీ!"

ముందు రెక్కలు కత్తిరిద్దామన్నది ఆమే. ఆ మాట ఎత్తే ధైర్యం నాకు ఆరోజూ లేదు, తర్వాతా లేదు.

మామగారు మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెనక్కి బస్సెక్కారు. మర్నాడు నేను మిల్లుకు సెలవు పెట్టి, దూలం నుంచి ఆ ఫ్యానును దింపించి, గోనెసంచిలో చుట్టి, బస్సు మీద నరసరావుపేట తీసుకెళ్ళాను. షాపులో దానికి బదులు చుట్టూ ఇనుప జాలీ ఉన్న టేబులు ఫ్యాను తీసుకున్నాను. సారె వస్తువు మార్చామన్న మాట వినుకొండలో పది ఇళ్ళకు పాకింది. బాబు పుట్టినరోజుకు వాళ్ళెవరూ రాలేదు. ఆ కోపం నా భార్యే మోసింది. పండక్కి పుట్టింటికి రమ్మని కబురు రాకపోతే, అత్త దగ్గర కూర్చుని ఏమీ జరగనట్టు చిక్కుడుకాయలు వలిచేది. అత్త బాబును ఎత్తుకుని పెరట్లోకి పోయేది, వాడికి చిలకను పిలవడం నేర్పడానికి.

చిలకకు ఆ టేబులు ఫ్యాను తెగ నచ్చింది. జాలీ పైన కూర్చుని, అది అటూ ఇటూ తల తిప్పుతుంటే దానితోపాటు ఇల్లంతా చూస్తూ ఊరేగేది. అక్కడే తినేది, అక్కడే రెట్ట వేసేది. అది జాలీ సందుల్లోంచి లోపలికి జారి, ఎండి, పొడిపొడిగా గాలితోపాటు మా అందరి మొహాల మీదికి, అన్నాల మీదికి వచ్చేది. ప్రతి ఆదివారం నేను ఆ జాలీ విప్పి, బావి దగ్గర కొబ్బరిపీచు పెట్టి తోమేవాణ్ణి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని. దాన్ని ప్రేమగానే తోమానని అనను. అబద్ధాలు చాలా చెప్పాను, అదొక్కటీ ఎవరూ నమ్మరు.